మింగిన మాటల గుహ

మిట్టమధ్యాహ్నపు ఎండ నల్లరాతి కొండ మీద కరిగిన కంచులా జారుతోంది. ఆ కొండకు శిఖరం లేదు. ఉండవలసిన చోట ఎవరో ఒక్క వేటుతో కోసి పట్టుకుపోయినట్టు బల్లపరుపుగా ఉంటుంది. దాని నడిబొడ్డున ఒక పొగకన్నం, చుట్టూ జేగురు రంగు బండలు, బండల సందుల్లో విరగబూసిన తంగేడు, బండల మీద రెక్కలు ఆరబెట్టుకుంటున్న ఇనుపముక్కు గద్దలు. కొండ పాదాన పాలనురగలాంటి వాగు. ఆ వాగు ఒడ్డున, రెల్లుపొదల చాటున నలుగురు మనుషులు తోలు ముసుగులు మొహాలకు కట్టుకుంటున్నారు.

అవి చచ్చిపోయినవాళ్ల ముసుగులు. గళగ్రాహి అనే మాంత్రికుడు తన చేతికి చిక్కినవాళ్ల గొంతులు లాగేసుకుని, మూగసేవకులుగా చేసి, ఈ తోలు ముసుగులు తొడుగుతాడు. సేవకుడు చనిపోతే ముసుగును వాగు ఒడ్డున ఎండుచెట్టుకు తగిలిస్తారు, రేపు వచ్చేవాడి కోసం.

"వదినా, నీ ముసుగు వంకరగా ఉంది," అన్నాడు రేవణ్ణ. "ఇంత సోకైన మూగసేవకురాలు తనకెప్పుడు దొరికిందా అని పాపం ఆ మాంత్రికుడు తల పట్టుకుంటాడు."

ఎవరూ నవ్వలేదు. మూడు రోజుల క్రితమైతే బొప్పన నవ్వేవాడు. రేవణ్ణ హాస్యాలకు ముందుగా నవ్వేది ఎప్పుడూ బొప్పనే. అతను నవ్వాక మిగతావాళ్లు నవ్వేవాళ్లు. సిరియాంబ ముసుగు తాడు బిగించుకుంది. భర్త నవ్వు లేని చోటు ఆ నలుగురి మధ్య ఐదో మనిషిలా కూర్చుని ఉంది.

వాళ్లు మేఘావళి రాజుగారి తాళ్లకొట్టు పనివాళ్లు. గండిలో పడ్డ ఏనుగును పైకి తియ్యాలన్నా, గోపురం మీద కలశం నిలబెట్టాలన్నా కోట నుంచి పిలుపు వాళ్లకే వచ్చేది. అందరికీ పెద్ద ముత్తన. అరవై దాటినా అరచేతుల్లో తాడు జారనివ్వని మనిషి. గవరయ్య బలం, రేవణ్ణ చురుకు. సిరియాంబ ముడులు వేసేది. ఆమె వేసిన ముడి ఆమే విప్పాలి. బొప్పన తాడు ఆయుష్షు చెప్పేవాడు. తాడును ఒకసారి వేళ్ల మధ్య జార్చి, ఇది ఇంకా ఎన్ని బరువులు మోస్తుందో భార్య అరచేతిలో వేలితో తట్టి చెప్పేవాడు. అతని లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు.

ఇప్పుడు వాళ్ల పని ఒకటే. మేఘావళి పొలిమేర కొండ మీద ఉన్న పెద్ద గంట లోపల వేలాడే కంచు నాలుకను గళగ్రాహి ఎత్తుకుపోయి ఈ కొండ కడుపులో దాచాడు. అమావాస్యకల్లా కరాళదేశపు సేన కనుమ దాటుతుందని వేగు వచ్చింది. గంట మోగకపోతే కింద నలభై ఊళ్లు నిద్రలోనే కాలిపోతాయి. అందులో మొదటిది తాళ్లవాడ, వాళ్ల వీధి.

"ఇక నోళ్లు కట్టెయ్యండి," అన్నాడు ముత్తన. "లోపలికి వెళ్లాక మనం మూగవాళ్లం."

సిరియాంబకు అది పెద్ద తేడాగా అనిపించలేదు.

తాళ్లకొట్టులో తరతరాల పద్ధతి ఒకటి ఉంది. తాడు మీద ఉన్నప్పుడు నోరు లేదు. కొండ అంచున మాటామాటా పెరిగితే ప్రాణాలు పోతాయని పూర్వులు ఆ కట్టుబాటు పెట్టారు. ఏ తాడు మీద పని జరుగుతోందో ఆ తాడు కొసను వీపుల వెనక నుంచి ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పంపుతారు. ఒప్పుకున్నవాళ్లు ముడి వేస్తారు. ఒప్పుకోనివాళ్లు వెయ్యకుండా పక్కవాళ్లకు ఇస్తారు. ఒక్క ముడి తగ్గినా పని ఆగిపోతుంది. ఎందుకని ఎవరూ అడగరు. కింద వేలాడుతున్న మనిషి ప్రాణం సంగతైతే, ఆఖరి చెయ్యి అతనికి అందరికంటే దగ్గరివాళ్లది. ఆ పద్ధతి పెట్టినవాళ్లు దయగలవాళ్లే. ఆపే హక్కును ప్రేమ ఉన్న చేతిలో పెట్టారు.

మూడు రోజుల క్రితం, ఈ కొండకు ఆవలి వైపు, బొప్పన దారి చూడటానికి తాడు మీద లోయలోకి దిగాడు. ఇనుపముక్కు గద్దలు వచ్చి పైన ఆ తాడు కట్టిన మేకును పొడవడం మొదలుపెట్టాయి. మేకు చుట్టూ రాయి పొడిపొడిగా రాలుతోంది. ఆ మేకు ఊడితే దానికి నడుములు కట్టుకున్న నలుగురూ పోతారు. కింది బరువు తెంచేస్తే అది నిలవవచ్చు. కింద తాడు కదలడం లేదు. పొగమంచులో బొప్పన కనిపించడం లేదు. గద్దలు అతన్ని చంపేశాయేమో, చంపలేదేమో. ముత్తన తాడు కొస అందుకున్నాడు. అది గవరయ్య చేతికి, రేవణ్ణ చేతికి, చివరకు సిరియాంబ చేతికి వచ్చింది. ఆమె వేళ్లకు మూడు ముడులు తగిలాయి.

ఆ తర్వాత ఎంతసేపు గడిచిందో ఆమెకు తెలియదు. మహా అయితే ఒక గద్ద రెక్కలు మూసి తెరిచినంతసేపు. ముగ్గురు పనివాళ్లు లెక్క చూసి ఒప్పుకున్నారు. ఇప్పుడు తాను వద్దంటే అది పనిమనిషి మాట కాదు, పెళ్లాం మాట. ముగ్గురి ప్రాణాలు మొగుడి కోసం తూకం వేసిన ఆడదాని మాట. ఆమె వేళ్లు నాలుగో ముడి వేశాయి. ముత్తన కత్తి తీశాడు.

తర్వాత ఆ తెగిన తాడులో పైన మిగిలిన ముక్కకే, దగ్గరున్న వేరే ముక్కతో అతుకు వేశారు. వేరే తాడు లేదు మరి. అతుకు వేసింది సిరియాంబే.

ఆ తాడే ఈ ఉదయం పొగకన్నంలోంచి కొండ కడుపులోకి జారవిడిచి, పై కొసను బండకు కట్టి వచ్చారు. అతుకు తాడు సత్తువ పైకి రావడానికే దాచుకోవాలి కాబట్టి లోపలికి గుహ దారిన వెళ్లాలి, గంట నాలుకను పట్టుకుని పొగకన్నం దారిన పైకి రావాలి. ఇదీ పన్నాగం.

వాగులోంచి నీళ్లకుండలు ఎత్తుకుని మూగసేవకులు వరసగా కదిలారు. నలభై మంది దాకా ఉంటారు. నలుగురూ నాలుగు కుండలు భుజాన పెట్టుకుని వరస చివర చేరారు.

గుహ మొగదల బండ మీద డొంకన అనే కావలివాడు కూర్చుని వేయించిన శనగలు నములుతున్నాడు. మెడలో ఒక కొమ్ము బూర. సేవకులను చూడగానే అతని మొహం విప్పారింది.

"రండి రండి, నా మాటకారి చుట్టాల్లారా. పొద్దుట్నించి పలకరించే దిక్కు లేదు. మీరా పలకరు. ఈ గుహా, పలికిందే పలుకుద్ది." ముందు వెళ్తున్నవాణ్ణి కర్రతో తట్టాడు. "వీడిది 'అమ్మా, తలుపు తియ్యి.' పదేళ్ల నుంచీ అదే. వీడిది 'ఆ ఎద్దును నేను దొంగిలించలేదు.' ఒరేయ్, దొంగిలించకపోతే ఆ రోజే అనాల్సింది కదరా. మింగడం దేనికి, రోజూ ఈ గుహలో కక్కడం దేనికి?"

సేవకులు తలలు దించుకుని లోపలికి పోతున్నారు. చీకట్లోంచి సన్నగా గొంతులు వినిపించడం మొదలైంది.

"మనిషి అన్నిటికంటే గట్టిగా మింగేసిన మాట ఏదుందో అది బయటికి లాగుద్ది ఈ గుహ. వాడి గొంతుతోనే," డొంకన ఎవరూ అడగకపోయినా చెప్పుకుపోతున్నాడు. "మా దొర గొంతులు లాక్కోగలిగాడు గానీ వీటిని లాక్కోలేకపోయాడు. ఇవి గొంతులో ఉండవంట. మరెక్కడుంటాయో ఆయనకీ తెలీదు."

నలుగురూ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకున్నారు. వెనక్కి తిరగడానికి దారి లేదు. కావలివాడు ఆ నలభై మంది మాటలూ కంఠస్థం చేసి కూర్చున్నాడు. కొత్త మాట వినపడితే పట్టేస్తాడు.

"ఇదిగో, ఈ కొత్త సరుకు," అన్నాడు డొంకన, సిరియాంబకు ఐదు కుండల ముందు నడుస్తున్నవాణ్ణి కర్రతో ఆపి. "లోయలో మా దొర పరిచిన పొగమంచు వలలో పడ్డాడు. మూడ్రోజుల్నించి వీడి మాట వింటుంటే నాకు మెతుకు దిగట్లేదు." శనగలు పక్కన పెట్టి, గుండె మీద చెయ్యి వేసుకుని, గొంతు సన్నం చేసి అన్నాడు. "'సిరీ, లాగు. బతికే ఉన్నా.' ఎవతెరా ఆ సిరి? లాగలేదా? పాపిష్టిది."

సిరియాంబ కుండ భుజం మీద నుంచి జారింది. గవరయ్య వెనక నుంచి చెయ్యి చాచి పట్టుకున్నాడు. నీళ్లు మాత్రం ఆమె మెడ మీదుగా వీపు మీదుగా కారిపోయాయి.

ముందు నడుస్తున్న మనిషి ఎడమ భుజం కాస్త కిందికి వంగి ఉంది. కుండను పట్టుకున్న కుడి బొటనవేలి గోరు నిలువుగా చీలి ఉంది. ఆ గోరు చీలిన రోజు పసుపు పెట్టి గుడ్డ కట్టింది ఆమే. ఆ మనిషి ఒక్కసారి తల తిప్పబోయి, డొంకన కర్ర చూసి, గుహలోకి నడిచాడు.

గుహ గోడలు లోపలి వైపు తడిగా, నోటి అంగిలిలా గీతలు గీతలుగా ఉన్నాయి. అడుగు పెట్టగానే చెవుల నిండా మాటలు. ఒక్కటీ అరుపు కాదు, ఒక్కటీ ఏడుపు కాదు. ఎవరికీ వినిపించకూడదని అనుకున్న మాటలు ఎంత మెల్లగా ఉంటాయో అంత మెల్లగా. అమ్మా, తలుపు తియ్యి. నేను దొంగిలించలేదు. నన్ను కూడా తీసుకుపో. వాటి మధ్య ఆమెకు తెలిసిన గొంతు, పొద్దున్నే నిద్ర లేచినప్పుడు ఉండే బొంగురుతో.

"సిరీ, లాగు. బతికే ఉన్నా. కదిల్తే మేకు ఊడుద్దని కదలట్లేదు. అంతే."

డొంకన చివరి ముక్క చెప్పలేదు. వాడికి అది అక్కర్లేని ముక్క.

అతను తాడును కదపకుండా ఉన్నది చచ్చిపోయి కాదు. పైనున్న నలుగురి కోసం. తాడు మీద నోరు లేదు కాబట్టి అరవలేదు. ఆ నిశ్చలాన్ని పట్టుకుని వాళ్లు ముడులు వేశారు.

ఆమె వెనక ఇంకో గొంతు లేచింది. ముసలి గొంతు. "వద్దు. ఈ చేత్తో వాణ్ణి కొయ్యను."

దాని పక్కనే గవరయ్యది. ఆ పెద్ద మనిషిది అంత చిన్న గొంతని ఆమెకు తెలియదు. "వద్దు. లాగుదాం. నేను లాగుతా."

రేవణ్ణది. "అన్న బతికే ఉన్నాడు. వద్దు."

ఆఖరున ఆమెది. ఒక్కటే మాట. "వద్దు."

ఒకటి, రెండు, మూడు, నాలుగు. నలుగురూ చీకట్లో నిలబడిపోయారు. ముడులు వేసిన వరసలోనే వచ్చాయి ఆ మాటలు. ముడులు వేసిన వేళ్లలో ఒక్కటి కూడా ఒప్పుకుని వెయ్యలేదు.

"ఏయ్," అని వెనక నుంచి డొంకన కేక. "నాలుగు వద్దులా? నా లెక్కలో ఒక్క వద్దు కూడా లేదే. ఎవర్రా మీరు?"

బూర నోటికి ఎత్తాడు. గవరయ్య చేతిలోని నిండుకుండ గాలిలో తిరుగుతూ వెళ్లి వాడి ఛాతీని తాకింది. వాడు వెల్లకిలా పడ్డాడు గానీ పడుతూ పడుతూ ఊదేశాడు. ఆ ధ్వని కొండ లోపలి మలుపులన్నీ తిరిగి, అడుగున గళగ్రాహి భటులుండే కోట దాకా పోయింది. కుండలు భళ్లుమన్నాయి. సేవకులు గోడలకు అంటుకుపోయారు. సిరియాంబ ఐదు కుండల దూరాన్ని ఎలా దాటిందో, బొప్పన మణికట్టును ఎలా దొరకబుచ్చుకుందో, అందరూ కలిసి ఏ మలుపులు తిరిగారో ఆమెకు తర్వాత గుర్తు రాలేదు. ఇనుప పట్టీల తలుపు ఒకటి, దాని అవతల వెలుగు. లోపలికి దూకారు. గవరయ్య తలుపు మూసి, దూలంలాంటి గడియ అడ్డం వేశాడు.

అది నాలుకల మందిరం. గుండ్రంగా, బావిలా లోతుగా ఉంది. చాలా ఎత్తున పొగకన్నం, దానిలోంచి ఒక్క ఎండపట్టె ధూళితో మెరుస్తూ నిలువుగా దిగుతోంది. గోడల నిండా వందలాది సొరబుర్రలు వేలాడుతున్నాయి. ఒక్కో బుర్రలో ఒక్కో గొంతు. గాలి తగిలినప్పుడల్లా మాట లేని శ్వాసలా అన్నీ ఒక్కసారి కదులుతున్నాయి. నడుమ రాతి పీఠం మీద పొలిమేర గంట నాలుక, మనిషి నడుమంత లావున, కంచుతో, పడుకున్న పశువులా. దాని పక్కనే, వెలుగులో, వాళ్ల తాడు.

సిరియాంబ బొప్పన ముసుగు విప్పింది. అతను ఆమెను చూశాడు. నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. మళ్లీ మూశాడు. ఆమె బుర్రల వైపు చూసింది. వాటిలో ఏది అతనిదో తెలుసుకోవడానికి ఒక జీవితం పడుతుంది. తలుపు అవతల అప్పుడే పరుగుల చప్పుడు.

"వదినా," అన్నాడు రేవణ్ణ. అతని గొంతులో హాస్యం జాడ లేదు. "నువ్వు ఆపుతావనుకున్నా. ఆఖరి చెయ్యి నీది కదా. నువ్వు ముడి వెయ్యవు కదా, ఇంక నాదేముందిలే అనుకున్నా."

"పెద్దయ్య వేశాక నేనెవణ్ణి అనుకున్నా," అన్నాడు గవరయ్య నేల చూస్తూ. "అయినా సిరి ఉందిగా అనుకున్నా."

ముత్తన గోడకు చేరగిలబడ్డాడు. "మొదటివాణ్ణి నేను. నేను వెయ్యకపోతే, పెద్దవాడు వద్దన్నాడని మీరూ వెయ్యరు. నా మాట మీ మీద రుద్దినట్టవుద్దని వేశాను. మీలో ఎవరో ఒకరు ఆపుతార్లే అని. ఆపకపోయినా సిరమ్మ ఆపుద్దని."

"మామా," అంది సిరియాంబ ముత్తనతో. "నా వేళ్లకు మూడు ముడులు తగిలాయి."

ముగ్గురు ఆమె మీద భారం పెట్టి ముడి వేశారు. ఆ మూడు ముడుల భారానికి ఆమె ముడి వేసింది. ఆ తాడు చివర వేలాడుతున్నవాడు వాళ్ల మీద భారం పెట్టి నోరు మూసుకున్నాడు. ఐదుగురిలో చెడ్డవాళ్లెవరైనా ఉంటే బాగుండేది. ఒక్క చెడ్డవాడు ఉంటే, వాణ్ణి తిట్టుకుంటూ బతికేయవచ్చు.

బొప్పన అందరి మొహాలూ చూశాడు. ముత్తన దగ్గరికి వెళ్లి, ఆ ముసలి అరచేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని ఒక్క క్షణం ఉంచుకున్నాడు. తర్వాత, ఇరవై ఏళ్లుగా చేస్తున్న పనే అన్నట్టు, తాడు దగ్గరికి నడిచాడు. దాన్ని వేళ్ల మధ్య జార్చాడు. కన్నంలోంచి దిగిన తాడు ఒక చోటుకు వచ్చేసరికి వేళ్లు ఆగాయి. అతుకు. దాన్ని తడిమి చూశాడు. ఆ ముడి పనితనం ఎవరిదో, ఎందుకు వెయ్యవలసి వచ్చిందో ఆ వేళ్లకు చెప్పనక్కర్లేదు. సిరియాంబ వైపు చెయ్యి చాచాడు. ఆమె అరచేయి ఇచ్చింది. వేలితో తట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఆపేశాడు.

ఐదు బరువులు. ఆరోది అతుకు మొయ్యదు.

"ఐదుగురం మనం," అన్నాడు రేవణ్ణ. "అదిగో నాలుకతో ఆరు."

తలుపు మీద మొదటి గొడ్డలి దెబ్బ పడింది. సొరబుర్రలన్నీ ఒక్కసారి ఊగాయి.

"నాలుకను వదిలేద్దాం," అన్నాడు ముత్తన. నలభై ఏళ్లలో తాడు పక్కన నిలబడి అతను మాట్లాడటం అదే మొదలు. "పెద్దవాడి మాటగానే అంటున్నా. రుద్దుతున్నాననే అనుకోండి. ఈసారి మనిషిని వదిలేది లేదు."

"వదిలేది లేదు," అన్నాడు గవరయ్య.

"గంటను ఇంకో దారిన మోగిద్దాం. లేదా మనమే కొండెక్కి అరుద్దాం. ఏదో ఒకటి," అన్నాడు రేవణ్ణ.

సిరియాంబ ఔనంది. మూడు రోజుల్లో ఆమె ఛాతీలోకి గాలి మొదటిసారి పూర్తిగా వెళ్లింది. వెళ్లాక గుర్తొచ్చింది. "ఆయనకు నోరు లేదు. మనం నలుగురం అనుకుంటే చాలదు. తాడు తిప్పుదాం."

అలా అడగకుండా ఉండవలసిందని ఆమె తర్వాత చాలాసార్లు అనుకుంది.

ఐదుగురూ వలయంగా నిలబడ్డారు. తాడు కొస వీపుల వెనక నుంచి కదిలింది. ముత్తన ముడి వేశాడు. గవరయ్య వేశాడు, రేవణ్ణ వేశాడు. సిరియాంబ వేసింది, ఆఖరి చెయ్యి తనది కానందుకు సంతోషిస్తూ. కొసను బొప్పన చేతిలో పెట్టింది. అతని వేళ్లు ఆమె వేళ్లను తాకి, కాసేపు అక్కడే ఉండి, తాడును తీసుకున్నాయి. గొడ్డలి దెబ్బలు పడుతూనే ఉన్నాయి. తాడు తిరిగి ముత్తన చేతికి వచ్చింది. అతను దాన్ని ముందుకు తెచ్చి వెలుగులో పట్టుకున్నాడు.

నాలుగు ముడులు. ఐదో చోట తాడు నున్నగా ఉంది.

బొప్పన చెయ్యి ఎత్తి పీఠం మీది కంచు నాలుకను చూపించాడు. తర్వాత దూరంగా, గోడ అవతల, కొండల అవతల తాళ్లవాడ ఉండే దిక్కును చూపించాడు. తర్వాత చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఒక్క ముడి తగ్గినా పని ఆగిపోతుంది. ఎందుకని ఎవరూ అడగరు. మూడు రోజుల క్రితం అతని కోసం ఎవరి దగ్గరా లేకపోయిన ఆ ఒక్క తక్కువ ముడిని అతను నలభై ఊళ్ల కోసం వాళ్ల చేతిలో పెట్టాడు. అంత తేలికైన పనా అది? వెయ్యకుండా ఉండటం అంత తేలికా? సిరియాంబ ఆ నున్నని చోటును చూస్తూ నిలబడింది.

"నేనుంటా," అన్నాడు ముత్తన. "కోసింది నా చెయ్యి. నేనిక్కడే..."

బొప్పన అతన్ని మాట పూర్తి చెయ్యనివ్వలేదు. ముందు రేవణ్ణను తాడెక్కించాడు. తర్వాత గవరయ్యను. పైనుంచి లాగడానికి ఆ ఇద్దరి భుజాలు కావాలి. గవరయ్య ఎక్కుతూ ఒక్కసారి కూడా కిందికి చూడలేదు. చూస్తే దిగిపోతాడు. ఆ తర్వాత బొప్పన ముత్తన నడుముకు తాడు చుట్టి, పసిపిల్లాణ్ణి ఎత్తినట్టు ఎత్తి, తాడును ఒకసారి గుంజాడు. ముసలివాడు ఎండపట్టెలో గిరగిరా తిరుగుతూ పైకి పోయాడు. "సిరమ్మా, నువ్వన్నా చెప్పమ్మా," అన్న మాట పైనుంచి రాలింది.

నాలుగో బరువు కంచు నాలుక. సిరియాంబ దానికి తన చేత్తో ముడి వేసింది. అది పీఠం మీద నుంచి లేచి, ఊగి, గోడకు తగిలి లోతుగా ఒక్కసారి మోగింది. అవతల గొడ్డళ్లు ఒక్క క్షణం ఆగాయి. అతుకు కన్నం వైపు కదులుతుంటే మూడు పేటల్లో ఒకటి పటుక్కున తెగి పువ్వులా విచ్చుకుంది. రెండోది పురి విప్పుకోవడం మొదలుపెట్టింది. నాలుక వెలుగులోకి వెళ్లి మాయమైంది.

తాడు తిరిగి కిందికి వచ్చింది. ఒక్క బరువు మిగిలింది.

బొప్పన తాడు కొసను ఆమె నడుముకు చుట్టాడు. తొందర లేకుండా, నెమ్మదిగా, ముడి నేర్పిన ఆమెకే ముడి వేస్తూ. తలుపు మీది పలకలో చీలిక పడింది. అందులోంచి గొడ్డలి అంచు తళుక్కుమంది. ఆమె చేతులు వేలాడేసి నిలబడింది. ఏదో ఒకటి గొంతులోకి వచ్చింది. దాన్ని కిందికి దించేసుకుంది. అతను ఇంత దూరం లెక్క వేసుకున్నాడు. అతను నిశ్చయించుకున్నాక, తాను ఇప్పుడు...

అక్కడ ఆమె తనను తాను పట్టుకుంది. మింగుతున్నప్పుడు గొంతు ఎలా కదులుతుందో ఆమెకు తెలిసింది. లోయ అంచున కూడా సరిగ్గా ఇలాగే కదిలింది.

పైనుంచి తాడు ఒకసారి మెల్లగా అదిరింది. సిద్ధమా అని అడిగే గుర్తు. జవాబుగా గుంజడానికి బొప్పన చెయ్యి ఎత్తాడు. సిరియాంబ ఆ చేతిని గాలిలోనే పట్టుకుంది.

"వద్దు," అంది.

పెద్దగా అంది. బుర్రలు మోగేంత పెద్దగా. తలుపు అవతల గుహ ఉంది. నలభై మంది మింగిన మాటలను నిద్ర లేకుండా పలికే గుహ. అది ఆ మాటకు బదులు పలుకుతుందేమో అని ఆమె చెవులు రిక్కించింది. ఏమీ వినిపించలేదు. ఆమె పేరు మీద అక్కడ ఇక ఏమీ మిగల్లేదు.

"మూడు రోజుల కింద అనాల్సింది ఇది," అంది. "నిన్ను వదిలి ఎక్కను."

బొప్పన చీలిన గోరున్న బొటనవేలిని ఆమె గొంతు మీద, మాట బయటికి వచ్చిన చోట ఆనించాడు. అక్కడ ఇంకా అదురుతోంది. ఆమె రెండు చేతులూ నడుము దగ్గరికి పోయాయి. అతను వేసిన ముడిని విప్పడం మొదలుపెట్టాయి. పైన తాడు రెండోసారి అడిగింది. వాళ్ల వెనక గడియ దూలం నిలువునా విరిగింది.